రెంటచింతలలో శోకసోఫోన్

“ఆ ఏడుపు ఆపుతావా, లేదా?” అన్నాడు మస్తాన్‌రావు, మొహం నిండా నురగతో.

“ఆపను బాబాయ్,” అన్నాడు సుభానీ, చేతిలో కత్తితో.

గడ్డం పట్టుకుని బతిమాలేవాళ్ళను రెంటచింతల చాలామందినే చూసింది. గడ్డం పట్టుకుని ఎదురుతిరిగినవాణ్ణి చూడటం ఇదే మొదలు. అందులోనూ ఆ గడ్డం, సుభానీ సెలూన్ నడుపుతున్న గదికి యజమానిది. బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న శౌరి, చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. ఇంతకంటే మంచి వార్త అందులో ఉండదని అతనికి అర్థమైపోయింది.

మే నెల మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. తిరగాల్సిన ఫ్యాను తిరగడం లేదు, తిరక్కూడని తల తిరుగుతోంది. బయట తారురోడ్డు నడిచేవాళ్ళ చెప్పుల్ని పట్టి లాగుతోంది. లోపల మాత్రం, అద్దానికి ఆనించిన సుభానీ ఫోన్‌లోంచి సన్నగా వాన కురుస్తోంది. ఆ వాన చప్పుడు మధ్య ఒక సాక్సోఫోన్, కొంప మునిగినవాడిలా నెమ్మదిగా మూలుగుతోంది. సాక్సోఫోన్ అని పెద్దలు పేరు పెట్టారు గానీ, వింటే అది శోకసోఫోన్.

“అసలు ఏందిరా అది?”

“జాజ్ బాబాయ్.”

“జాజా? జాజులు తెలుసు, కాజాలు తెలుసు. ఇదెక్కడ దొరికింది నీకు?”

“ఎండకి తట్టుకోలేక, వాన చప్పుడన్నా ఇందామని ఫోన్‌లో ‘వాన’ అని కొట్టా. వానతో పాటు ఇది కొట్టుకొచ్చింది. ‘నోయిర్ జాజ్’ అని రాసుంది.”

“నోయిరంటే?”

“నీరయ్యుంటది. తడిగానే ఉందిగా!”

శౌరి కిసుక్కున నవ్వాడు. మస్తాన్‌రావు నురగలోంచి గుర్రుగా చూశాడు.

“సినిమా పాటలు పెట్టరా! ఇది ఇంటుంటే, టోపీ పెట్టుకున్నోడెవడో చీకటి సందులో సిగరెట్టు కాలుస్తా నా కోసమే కాపు కాసినట్టుంది. పైన నీ కత్తి, కింద నా పీక. గుండె దడదడలాడి చస్తంది.”

“ఆ టోపీవోణ్ణి నేనూ చూశా బాబాయ్. వాడు వానలో తడుస్తన్నాడు, మనం చెమటలో తడుస్తన్నాం. వాడే చానా నయం.”

“హాస్యాలాడమాక. సుభానీ కొట్లో ఎవురన్నా పోయారా అని అడుగుతున్నారు బజార్లో. ఈ శోకం నా గదిలో కుదరదు. పాటన్నా మార్చు, గదన్నా మార్చు.”

కత్తి ఆగింది. బస్టాండు ఎదురుగా ఉన్న ఆ గది పోతే సుభానీకి ఊళ్ళో ఇంకో గది దొరకదు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

“బాబాయ్,” అన్నాడు సుభానీ నెమ్మదిగా. “గోడకి నువ్వు చెప్పిన రంగే ఏశా. నీ పార్టీ ఫ్లెక్సీ తెచ్చి నా కొట్టు బోర్డుకి అడ్డంగా కట్టినా నోరెత్తలా. పొద్దుగూకులూ పక్కోళ్ళ తలకాయలు చూసే బతుకు నాది. ఈ ఒక్కటే నా తలకాయలోది. గది నీది, చెవులు నావి. ఖాళీ చెయ్యమంటే చేస్తా. ఆపమంటే మాత్రం ఆపను.”

అని ఊరుకోలేదు. ఫోన్ సౌండు పూర్తిగా పెంచాడు. వాన జోరందుకుంది. అద్దం వెనక ఎక్కడో ఉరిమింది. శోకసోఫోన్ గొంతెత్తింది.

“సాయంత్రానికల్లా ఖాళీ చెయ్!” మస్తాన్‌రావు మెడ చుట్టూ ఉన్న గుడ్డ పీకి పారేసి, కుర్చీలోంచి లేచాడు.

“సగం గడ్డంతో ఏడికి పోతావు పెద్దాయనా?” అన్నాడు శౌరి.

“సగం గడ్డంతోనే పోతా! దాచేపల్లి పోయి మిగతాది గీయించుకుంటా. నా గడ్డం సగమేమో గానీ, నా మాట సగం కాదు!”

“నీ మొహం నీ ఇష్టం బాబాయ్,” అన్నాడు సుభానీ, కత్తి తుడుచుకుంటూ. “నా పాట నా ఇష్టం.”

మస్తాన్‌రావు విసవిసా గడప దాకా వెళ్ళాడు. వీధిలో ఎండ తెల్లగా మండుతోంది. కుక్క కూడా తిరగడం లేదు. అతను పళ్ళు నూరుతూ పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టాడు. కండువా తీసి నెత్తిన కప్పుకున్నాడు. గడప అవతలికి ఒక కాలు చాపి, అటూ ఇటూ చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. తిరిగొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“గీకు. వాన తెరిపిచ్చాక పోతాలే.”