ఆరు సున్నాలు

యంత్రం మళ్ళీ సున్నానే చూపించింది. కొత్తమ్మాయి ఆరో సీసాని బయటికి తీసి, గుడ్డతో తుడిచి, తిరిగి లోపల పెట్టింది. అయినా సున్నాయే. కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. కాలు ఒకచోట నిలవడం లేదు.

ముప్పైనాలుగేళ్ళొచ్చి, మూడేళ్ళ పాపకి తల్లయినా ఈ ప్రయోగశాలలో ఆమె కొత్తమ్మాయే. ఆర్నెల్ల గడువు ఇవాళ్టితో సరి. నాలుగింటికి ప్రయోగశాలని నడిపే పెద్దాయన ఈ లెక్కలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తాడో, ఇంటికి పంపిస్తాడో తేల్చేస్తాడు. ఖాయమైతే భర్తా పాపా ఈ ఊరొచ్చేస్తారు. లేకపోతే మళ్ళీ ఆదివారాల సంసారమే.

పని చూడబోతే చిన్నదే. చెరువు అడుగు బురదలో గాలి లేకుండా బతికే బాక్టీరియా సల్ఫేట్‌ని సల్ఫైడ్‌గా మారుస్తుంటాయి. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. ఆ మార్పు ఎంత జోరుగా సాగుతోందో తెలియాలంటే, రేడియోధార్మిక గంధకమున్న సల్ఫేట్‌ని బురద గొట్టాల్లోకి సూదితో ఎక్కించి, ఆరు గంటలాగి, జింకు ద్రావణం పోసి బాక్టీరియాని చంపెయ్యాలి. తర్వాత సల్ఫైడ్‌ని వేరుచేసి, అందులోకి ఎంత రేడియోధార్మికత చేరిందో యంత్రంలో చూడాలి. ఏడో గొట్టంలో మాత్రం పోలిక కోసం జింకు ముందే పోస్తారు. అది సున్నా చూపించాలి, చూపించింది. మిగతా ఆరూ దాని దారే పట్టాయి.

మొన్న పొద్దుట్నుంచీ అన్నీ అడ్డంకులే. జలుబుతో ముక్కు దిబ్బడ వేసి బురద వాసనే తెలియలేదు. గాజుసామానులో క్రిమి మిగలకుండా ఆవిరి పట్టిద్దామంటే, అందరూ కుక్కరని పిలిచే ఆ పెద్ద పాత్ర ఖాళీ లేదు. ఎప్పుడూ లేనిది పెద్దాయనే స్వయంగా బురద గొట్టాలు తెచ్చి చేతికిచ్చాడు. సరిగ్గా సూది చేతిలోకి తీసుకోగానే బయట ఫోను మోగింది. పాపేమోనని పరుగెత్తుకెళ్ళి, మాట్లాడి వచ్చింది.

వచ్చాక ఏం చేసిందో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఆరింటిలోనూ జింకే ముందు పోసేసిందా? నోటుపుస్తకంలో టిక్కులైతే వరసగానే ఉన్నాయి. కానీ పనంతా అయ్యాక టిక్కులన్నీ ఒక్కసారే కొట్టేసే అలవాటు ఆమెది. ఆ పుస్తకాన్ని ఆమే నమ్మదు.

భర్తకి ఫోను చేసింది. పొరపాటైందేమోనని పెద్దాయనతోనే అనేయమన్నాడతను. మళ్ళీ చేద్దామంటే గంధకం అయిపోయిందనీ, కొత్తది రావడానికి నెల పడుతుందనీ ఆమె గోల.

"అయినా సరే, ఉన్నదున్నట్టు చెప్పెయ్."

"ఏది ముందు పోసిందో గుర్తులేనిదాన్ని రేడియోధార్మిక పదార్థాలుండే గదిలోకి మళ్ళీ ఎవరు రానిస్తారండీ?"

అతను మాట మార్చాడు. అమ్మ దగ్గరికి వెళ్దామంటూ పాప అప్పుడే బొమ్మలన్నీ అట్టపెట్టెలో సర్దేసిందని చెప్పి ఫోను పెట్టేశాడు.

ఆ మాట విన్నాక ఆమె ఇక ఆలోచించలేదు. అలమారలోంచి నిరుటి రిజిస్టరు తీసింది. అదే చెరువు, అదే నెల. ఒక అంకెకి కాస్త కలిపి, ఇంకోదానికి కాస్త తగ్గించి ఆరూ కాగితం మీద ఎక్కించింది. కొట్టివేతలు పడ్డాయని రెండుసార్లు చింపి మళ్ళీ రాసింది. యంత్రం ఇచ్చిన సున్నాల చీటీని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో అడుక్కి తోసేసింది.

నాలుగింటికి పెద్దాయన కాగితం అందుకున్నాడు. ఆయన చదువుతున్నంతసేపూ ఆమె గోళ్ళు గిల్లుకుంటూ నిలబడింది.

"ఏడోది సున్నా. మిగతా ఆరూ జోరుగానే ఉన్నాయే. వాసన బాగా కొట్టిందామ్మా?"

"ముక్కు బద్దలైపోయింది సార్."

సంతకానికని తెరిచిన పెన్నుకి ఆయన మూత పెట్టేశాడు. ముఖంలో కోపం లేదు, బాధే ఉంది.

"నీకిచ్చేముందు ఆ బురదని నేనే కుక్కర్లో ఉడికించానమ్మా."