అక్రోటు కాయ

ఎదురింటి హార్టిగన్ పీపాకు పట్టీ బిగిస్తూ, ఉన్నట్టుండి ఖాళీ పీపా మీద సుత్తితో మూడు దెబ్బలు వేశాడు.

ఆ సందులో ఆ చప్పుడుకు ఒకటే అర్థం. పన్నులవాడు వస్తున్నాడు.

చూస్తుండగానే సందు సందంతా బీదదైపోయింది. కోళ్లు మంచాల కిందికి, వెన్న కుండలు అటకల మీదికి చేరాయి.

ఒనోరా క్లోహెసీ సూది పక్కన పెట్టింది. లిమరిక్‌లో చేతి తొడుగులు కుట్టే ఇళ్లు ఒకప్పుడు సందుకు పది. ఇప్పుడు మిగిలింది ఆమె, ఆమె దగ్గర కుట్టే ముగ్గురు ఆడపిల్లలు.

డబ్లిన్‌లో ఒక పెద్ద కొట్టువాళ్లకు తన పనితనం గురించి ఉత్తరం రాయించింది. వచ్చే చలికాలానికి వాళ్లు సరుకు చెబితే నలుగురూ బతుకుతారు. చెప్పకపోతే తలుపులు మూసుకోవడమే.

"కుట్టినవన్నీ దాచండే," అంది.

దాచడం ఎంతసేపు? తోలు అంత పలచన. జత మొత్తం మడిచి రెండు అక్రోటు చిప్పల మధ్య పెట్టి మూసేస్తే చూసేవాళ్లకు అది కాయే.

ఆ మనిషి రానే వచ్చాడు. బూట్ల నిండా బురద, చంకలో పుస్తకం. గుమ్మం ముందు నిలబడి కిటికీలు లెక్కపెట్టాడు. కిటికీకి ఇంతని పన్ను వేసే రోజులవి. ఇంకేం, హార్టిగన్ అనుమానం రూఢి అయింది.

"ఇక్కడ చేతి తొడుగులు కుట్టేవాళ్లు ఉన్నారా అమ్మా?"

"ఎప్పటి మాటయ్యా? మా అమ్మమ్మతోనే పోయిందా పని."

"ఒక్కరూ లేరా?"

"కడుపుకే లేకపోతే చేతులకు తొడుగులెక్కడివి? నేను పాత బూట్లకు మాసికలు వేసుకుంటున్నా."

"మరి ఈ అమ్మాయిలు?"

"నా చెల్లెలి కూతుళ్లు. తినడానికి తప్ప ఎందుకూ పనికిరారు."

ముగ్గురూ నవ్వు కనబడకుండా తలలు దించుకున్నారు.

హార్టిగన్ అవతలి నుంచి అందుకున్నాడు. "నా పీపాలు కూడా రాసుకోండయ్యా. అన్నీ కారుతున్నాయి."

ఆ మనిషి ముఖం చిన్నబోయింది. బల్ల మీది కాయ చేతిలోకి తీసుకున్నాడు.

ఒక జత దాచింది అందులోనే.

"ఇది తినొచ్చా? పొద్దుటి నుంచి నడుస్తున్నాను."

"పుచ్చిపోయిన కాయ. తింటే మీకే చేటు."

అతను కాయను జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టాడు. పన్నులవాడైనా ఆకలి ఆకలే అనుకుని, ఒనోరా ఉడికించిన బంగాళాదుంపలు రెండు చేతిలో పెట్టింది.

"ఈ ఊళ్లో అందరూ గొప్పలే చెప్పారు," అన్నాడతను తింటూ. "ఉన్నదున్నట్టు చెప్పింది మీరొక్కరే."

పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకుని, టోపీ తీసి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

సందు వారం రోజులు నవ్వుకుంది. పన్ను మాత్రం ఎవరికీ పెరగలేదు. ఒనోరా తెలివే తెలివన్నారు.

చలి మొదలయ్యే ముందు డబ్లిన్ ఉత్తరం వచ్చింది. మల్‌క్వీన్ మాస్టారు చదివి పెట్టాడు.

"'మీ ఊళ్లో ఆ పని పూర్తిగా అంతరించిందని, కొత్తగా అచ్చయిన ఊళ్ల వివరాల పుస్తకం చెబుతోంది. మీ ఉత్తరాన్ని నమ్మలేక సరుకు వేరే ఊరికి చెప్పాం.'"

ముగ్గురు పిల్లలూ ఒనోరా ముఖంలోకే చూస్తున్నారు.

"ఏ దొంగ వెధవ రాశాడు మాస్టారూ? వాడి చేతులు పడిపోను."

"పుస్తకం బిషప్ గారింట్లో ఉంది. చూసొస్తా ఉండు."

మర్నాడు మాస్టారు కాగితం మీద రాసుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"'లిమరిక్. షానన్ నది మీద పట్టణం. కోట, వంతెన చూడదగ్గవి. ఇక్కడి చేతి తొడుగులకు ఒకప్పుడు లోకమంతా పేరు. ఇప్పుడు కుట్టేవారు ఒక్కరూ లేరు.'"

"ఎవరు చెప్పారట వాడికి?"

మాస్టారు కాగితం మడవబోయి, మళ్లీ విప్పాడు.

"'ఈ సంగతి నాకు చెప్పింది, ఆకలితో ఉన్న నాకు రెండు బంగాళాదుంపలు పెట్టిన, బూట్లకు మాసికలు వేసుకునే ఒక నిజాయితీపరురాలు.'"