అత్తయ్య సత్తువ

మోకాళ్ల నొప్పులని గడప దాటని మా అత్తయ్యను బతిమాలి సరస్సు చుట్టూ సైకిల్ తొక్కడానికి తీసుకెళ్లాను. కార్లూ బస్సులూ రాని దారి. కాకపోతే అన్నీ మిట్టలే. అందుకే సైకిళ్లు అద్దెకిచ్చే అతని చెవిలో ఓ మాట వేసి, ఆవిడకు తెలియకుండా బ్యాటరీ ఉన్న సైకిల్ ఇప్పించాను.

మొదటి మిట్టకే నా నాలుక బయటికొచ్చింది. అత్తయ్య కూనిరాగం తీస్తూ పైకెళ్లిపోయింది.

"ఈ వయసులోనే ఆయాసమేంటే? సత్తువంటే మా కాలం తిండిది!"

"అవునత్తయ్యా," అన్నాను నవ్వు దిగమింగుకుని.

దారి పొడుగునా ఆ తిండి గొప్పలే.

తిరిగొచ్చి నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే, అత్తయ్య గొంతు తగ్గించి సైకిళ్లతనితో అనడం వినపడింది.

"రేపు మా కోడలికీ బ్యాటరీదే ఇవ్వు బాబూ. దానికి మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది."