సరోజ పలుకు

మర్నాడు ఆదోనిలో ఇంటర్వ్యూ అని పక్కింటి హులిగెమ్మ చేటనిండా బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, తెచ్చుకుని మా అరుగు మీద కూర్చుంది. నా భార్య సరోజ బతికి ఉన్నప్పుడు ఇంగ్లీషు పాఠం అలాగే సాగేది. ఒక మాటకు హులిగెమ్మ ఎన్ని అర్థాలు చెబితే సరోజ అన్ని బుడ్డలు ఒలిచి ఆమె చేతిలో పెట్టేది.

“‘గెట్’ అడుగు మామా. అత్త బాగా సెప్పించింది.”

అడిగాను.

“బస్సు దిగేదానికి గేట్ డౌన్. నిద్ర లేసేదానికి గేట్ అప్. జరమొస్తే గేట్ ఫీవర్. కోపమొస్తే గేట్ యాంగ్రీ. ఇయ్యి మామా బుడ్డలు!”

అర్థాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పలకడమే తప్పు. సరోజ కూడా ఆ మాటను అలాగే సాగదీసేది. నేను దిద్దబోతే, “నీ కాలేజీ ఇంగ్లీషు నీ దగ్గరే పెట్టుకో” అని నవ్వేది.

“పోయినసారి నోరు తెరస్తానే నగినారు మామా. యాడ తప్పో సెప్పు. ఈసారన్నా ఉద్యోగం రావల్ల.”

నాలుగు అర్థాలకు నాలుగు బుడ్డలు ఒలిచి ఆమె చేతిలో పెట్టాను.

“దీర్ఘం తీసెయ్యి తల్లీ. గెట్.”

“గెట్.”

పొద్దు వాలేసరికి మాట కుదిరింది. ఆమె చేట తీసుకుని లేచింది.

“ఒక్కసారి అత్త సెప్పినట్ల అని పో” అన్నాను.

“వొద్దు మామా. మళ్లీ అదే నోటికొస్తాది.”

“నిజమే. వొద్దులే.”

సరోజ పోయినప్పటినుంచి హులిగెమ్మ గోడ అవతల ఆ మాటను సరోజలాగే సాగదీసి వల్లె వేస్తుంటే, నేను టీవీ ఆపేసి వినేవాడిని.