ముక్క నరమేనా?

"ఆ యంత్రం ఆపెయ్యండి. దాని కుయ్ కుయ్‌కి తల బద్దలైపోతోంది," అన్నాడు పెద్ద డాక్టరు.

ఆపరేషన్ గదిలోకి వచ్చిన దగ్గర్నుంచీ మహానుభావుడి నోటికి తాళం లేదు. కసంతా మూలనున్న ఆ కొత్త యంత్రం మీదే. పరీక్ష కోసం కోసిన ముక్కని రంగునీళ్లలో ముంచి అందులో పెడితే, కాసేపట్లోనే దాని లోపలి బొమ్మ తెర మీద కనిపిస్తుంది. ఆయన లెక్కలో అది చేతకానివాళ్ల ఊతకర్ర.

కత్తి పట్టింది ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయే. చీలమండ దగ్గర నరమూ, చిన్న రక్తనాళమూ అక్కచెల్లెళ్లలా పక్కపక్కనే ఉంటాయి. ఎంతటివాళ్లయినా ఒకదాని బదులు ఇంకోటి కోసేస్తారు. తను మాత్రం ఒక్కసారీ పొరబడలేదంటాడు ఈయన. అప్పట్లో అక్కడికక్కడే చూసి చెప్పిన నాథుడెవడు?

ఆమె పట్టకారుతో ముక్క పైకెత్తి చూపించింది.

"నరమే. కుట్లు వేసెయ్."

"యంత్రంలో పెట్టి చూస్తాను సార్."

"ఏమ్మా, నా కంటికన్నా ఆ డబ్బా ఎక్కువైపోయిందా? వంట రానివాళ్లే గరిట గరిటకీ ఉప్పు చూసుకుంటారు."

"జబ్బు కాళ్లు దాటి చేతివేళ్లకి కూడా పాకింది సార్. తప్పు ముక్క ల్యాబుకి వెళ్తే రోగం పేరు తేలదు, మందు మొదలవదు. ఈలోగా చేతులు పోతాయి."

"రోగి సంగతి నాకు చెప్తున్నావా?"

నర్సు మాస్కు చాటున మూతి తిప్పుకుంది. చేతులు పోతాయని చెబుతున్నా ఈ పెద్దమనిషికి తన మాట నెగ్గడమే కావాలి. ఛీ, ఎంత చదివి ఏం లాభం!

ఆమె ముక్కని యంత్రంలో పెట్టింది. తెర వెలిగింది. నరమైతే దారాలు కట్టగట్టినట్టు కనిపించాలి. ఇక్కడ నడిమధ్య బోలుగా ఉన్న గొట్టం. అది రక్తనాళం.

"మీ డబ్బాకి కళ్లజోడు పెట్టించండి," అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

ఆమె తెరని లాగి సరిగ్గా ఆయన మొహానికి ఎదురుగా తిప్పింది. ఆయన చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"సార్, మీరన్నట్టే కుట్లు వేసెయ్యనా?"

"వద్దు, ఇంకో ముక్క తియ్యమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు గొంతు తగ్గించి, ఆపరేషన్ బల్ల మీద చాపిన తన కాలు కదలనివ్వకుండా.