మారని ఎరుపు

కార్లన్నీ ఫోను నొక్కగానే రంగు మార్చుకుంటున్న రోజులవి. గాజువాకలో పెయింటరు పైడమ్మ షెడ్డుకి ఒకాయన తెల్లకారు తెచ్చాడు. సొట్టపడిన ముందు భాగంలో అరచేయంత మచ్చ ఒకటి ఎర్రగా బిగుసుకుపోయి ఉంది.

"కిందటి వేసవిలో దేనికో తగిలింది. అప్పట్నుంచీ ఆ ఒక్కచోటే రంగు మారట్లేదు. అమ్మేసే బండికి మళ్లీ రంగేయించడం దండగేమో?" అన్నాడాయన.

పైడమ్మ వంగి ఆ మచ్చని పరీక్షగా చూసింది. కిందటి వేసవిలోనే ఆమె తమ్ముడు అప్పలకొండని గుద్దిన ఎర్రకారు, జనం చూస్తుండగానే రంగు మార్చుకుని ట్రాఫిక్‌లో కలిసిపోయింది. "రంగు తెలీని బండిని ఎక్కడని వెతకమంటావ్?" అని స్టేషనులో పొమ్మన్నారు.

"దండగేటి బాబూ! మారని పాతకాలం పెయింటేస్తాను. సాయంత్రం రండి," అంది.

ఆ మచ్చని మాత్రం ముట్టుకోలేదు. సరిగ్గా దాని ఎరుపే కలిపి కారంతా కొట్టింది.

సాయంత్రం ఆయన కారు చూసి నోరెళ్లబెట్టాడు. ఫోను ఎన్నిసార్లు నొక్కినా కారు ఎర్రగానే ఉంది.

షెడ్డు లోపల్నుంచి చంకకర్ర ఊతంతో అప్పలకొండ ముందుకొచ్చాడు. "ఇదేనప్పా," అన్నాడు అక్కతో.

"పదండి బాబూ స్టేషనుకి," అంది పైడమ్మ కారు తాళం బొడ్లో దోపుకుంటూ. "ఈసారి రంగు నేను చెప్తాను."