కదిలిన ముల్లు

ల్యాబ్ ఉంచాలా, మూసేయాలా తేల్చడానికి కమిటీ మళ్ళీ వచ్చింది.

ఆ ల్యాబ్ పెద్దావిడని వెనకాల అందరూ సున్నా మేడమ్ అంటారు. ఆవిడ పెంచే స్ఫటికం అలాంటిది. అందులోని పరమాణువులు బుల్లి బుల్లి అయస్కాంతాలే. కానీ పక్కపక్కనున్నవి ఎదురెదురు దిక్కులకి తిరిగి ఉంటాయి. ఒకదాని బలాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. అయస్కాంత బలాన్ని కొలిచే మీటరు పెడితే ముల్లు సున్నా దగ్గరే. గొప్పంతా అందులోనే ఉంది. బయటి అయస్కాంతం వచ్చినా తొణకదు కాబట్టి, అందులో దాచిన సమాచారం ఓ పట్టాన చెరగదు.

పోయినసారి ఈ మాట చెబితే కమిటీ పెద్దాయన పెదవి విరిచాడు.

"ఫ్రిజ్ తలుపుకైనా అంటుకోనిది అయస్కాంతమేంటమ్మా? వచ్చేసారికి ముల్లు కదలాలి. లేదంటే తాళమే."

ఈసారి స్ఫటికమున్న గాజుగొట్టాన్ని ఆవిడే మీటరులోకి దించింది.

ముల్లు కదిలింది.

పక్కనే ఉన్న అసిస్టెంటు సైంటిస్టు వంగి రీడింగు మళ్ళీ చూశాడు. అతను నిప్పులాంటి మనిషి. రీడింగులో దశాంశం కూడా దిద్దనివ్వడు. ముల్లు కదిలిందంటే ఎక్కడో కల్తీ జరిగినట్టే. ఇన్నేళ్ళ కష్టం మట్టిపాలు!

పెద్దాయన మాత్రం లేచి చప్పట్లు కొట్టాడు. "చూశారా! గట్టిగా అడిగితే పనెందుకు జరగదు?"

కమిటీలో మిగతా ఇద్దరూ అందుకున్నారు. ల్యాబ్‌కి అయిదేళ్ళ ఆయుష్షు పోశారు. సున్నా మేడమ్ తల వంచుకుని నిలబడింది. ఎంత అణకువో అని మెచ్చుకున్నారు.

వాళ్ళు మెట్లు దిగుతుంటే అసిస్టెంటు వెనకే పరుగెత్తబోయాడు.

"ఎక్కడికయ్యా?"

"నిజం చెప్పేస్తాను మేడమ్. మన స్ఫటికం పాడైపోయిందనీ, వాళ్ళు చప్పట్లు కొట్టింది దానికేననీ."

"పాడవలేదు."

"ముల్లు కదిలింది కదండీ! ఉద్యోగం పోతే పోయింది, మా ఆవిడ తిడితే తిట్టింది. నావల్ల కాదు."

"ముందు ఆ కారుని గేటు దాటనీ," అందావిడ కిటికీలోంచి చూస్తూ.

కారు దాటింది.

సున్నా మేడమ్ గాజుగొట్టాన్ని పైకి లాగి, పొద్దున్నే తన చేత్తో స్ఫటికం వెనక అంటించిన గుండుసూది ముక్కని గోటితో గిల్లి పారేసింది.